ఈ ఖర్చు ఎవరిది? కేంద్రం, రాష్ట్రం, పంచాయతీ లెక్కలు విడదీసే పద్ధతి

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల బోర్డు మీద పేరు జిల్లా పరిషత్‌ది. టీచర్ల జీతం రాష్ట్ర ఖజానా ఇస్తుంది. మధ్యాహ్న భోజనం ఖర్చులో కేంద్రానికీ వాటా ఉంటుంది. కాబట్టి కాగితాలు తెరిచే ముందే ఒక సంగతి తేల్చుకోవాలి: డబ్బు ఎవరిదో చూస్తున్నామా, చివర్లో బిల్లు చెల్లించింది ఎవరో చూస్తున్నామా? ఈ రెంటికీ జవాబులు వేరు. కలిపేస్తే వచ్చే అంకె దేనికీ పనికిరాదు.

ఒక పథకం మొత్తం 100 లక్షలు అనుకుందాం. కేంద్రం 60 ఇచ్చింది, రాష్ట్రం 40 కలిపి మొత్తం 100 లక్షలూ పంచాయతీలకు పంపింది, పంచాయతీలు ఖర్చుపెట్టాయి. కేంద్రం పుస్తకంలో 60, రాష్ట్రం పుస్తకంలో 100, పంచాయతీల పుస్తకాల్లో 100 రాసి ఉంటుంది. మూడూ కూడితే 260. జరిగిన పని 100కే. భారం లెక్కన కేంద్రం 60, రాష్ట్రం 40, పంచాయతీ సున్నా. చెల్లింపు లెక్కన మొత్తం 100 పంచాయతీలదే. పై ప్రభుత్వం కిందికి పంపిన గ్రాంటును ఒక్కచోటే ఉంచి, మిగతా చోట్ల కొట్టేయాలి. ఈ పనిలో సగం ఇదే.

మొదట కేంద్రం నుంచి మొదలుపెట్టండి. రాష్ట్రాలకు వెళ్లే డబ్బు ప్రధానంగా మూడు దారుల్లో వెళ్తుంది: పన్నుల్లో వాటా, ఆర్థిక సంఘం (కేంద్రం, రాష్ట్రాల మధ్య డబ్బు ఎలా పంచాలో సిఫారసు చేసే సంఘం) గ్రాంట్లు, కేంద్రం, రాష్ట్రం కలిసి ఖర్చు భరించే కేంద్ర ప్రాయోజిత పథకాలు. కేంద్ర బడ్జెట్ మొత్తం వ్యయంలో పన్నుల వాటా ఉండదు. దాన్ని ఆదాయంలోంచే ముందుగా తీసేసి, నికర పన్ను ఆదాయం చూపిస్తారు. గ్రాంట్లు, పథకాల డబ్బు మాత్రం వ్యయంలో ఉంటాయి. ఈ తేడా గమనించకుండా రాష్ట్ర వాటాను కేంద్ర వ్యయంలోంచి మళ్లీ తీసేసే వాళ్లు చాలామంది.

వాటా లెక్కలో ఇంకో చిక్కు ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021-26కు రాష్ట్రాలన్నిటికీ కలిపి చెప్పింది 41 శాతం. అది కేంద్రం వసూలు చేసే ప్రతి రూపాయిలో 41 పైసలు కాదు. సెస్సులు, సర్‌చార్జీలు, వసూలు ఖర్చులు పోగా మిగిలిన పంపిణీ మొత్తంలో 41 శాతం. అందులో ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం, తెలంగాణకు 2.102 శాతం. అంటే పంపిణీ మొత్తం 100 కోట్లయితే రాష్ట్రాలకు 41 కోట్లు, ఆంధ్రాకు సుమారు కోటీ 66 లక్షలు, తెలంగాణకు 86 లక్షలు. కేంద్రం పన్ను రేటు బదులు సెస్సు పెంచితే కేంద్రం వసూలు పెరుగుతుంది గానీ ఈ వాటా పెరగదు. రాష్ట్రాల గోల అంతా అక్కడే. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం కాబట్టి, ఏ ఏడాది లెక్క చూస్తున్నారో ఆ సంఘం శాతాలే వాడాలి.

తర్వాత రాష్ట్ర బడ్జెట్. లావు పుస్తకాలు చూసి బెదరక్కర్లేదు, పద్దు నంబరు పట్టుకుంటే చాలు. నాలుగంకెల నంబరులో మొదటి అంకె 0 లేదా 1 అయితే రెవెన్యూ ఆదాయం, 2 లేదా 3 అయితే రెవెన్యూ ఖర్చు, 4 లేదా 5 అయితే సాధారణంగా ఆస్తుల మీద పెట్టే మూలధన ఖర్చు, 6 లేదా 7 అయితే అప్పులు. కేంద్రం నుంచి వచ్చిన గ్రాంట్లు 1601 కింద ఉంటాయి. పన్నుల వాటా మాత్రం ఒక్కచోట దొరకదు. ఆదాయపు పన్ను 0021, కేంద్ర జీఎస్టీ 0005 వంటి ఒక్కో పన్ను కింద 901 అనే చిన్న పద్దులో కనిపిస్తుంది. అవన్నీ కూడితేనే రాష్ట్రానికి వచ్చిన వాటా తేలుతుంది.

స్థానిక సంస్థలకు వెళ్లింది పట్టుకోవాలంటే ఖర్చు పద్దుల్లో చిన్న నంబర్లు వెతకండి: 191 కార్పొరేషన్లు, 192 మున్సిపాలిటీలు, 193 నగర పంచాయతీలు, 196 జిల్లా పరిషత్తులు, 197 మండల పరిషత్తులు, 198 గ్రామ పంచాయతీలు. పల్లెల డబ్బు కోసం ముందు 2515 (ఇతర గ్రామీణాభివృద్ధి పథకాలు), 3604 (స్థానిక సంస్థలకు పరిహారం, కేటాయింపులు) చూడండి. అక్కడితో ఆగిపోవద్దు. 2202లో, అంటే విద్య పద్దులో, 196 కింద పెద్ద మొత్తం కనబడితే అది సాధారణంగా టీచర్ల జీతాలు. దాన్ని జిల్లా పరిషత్ చేతిలో ఉన్న డబ్బని రాస్తే తప్పు. తన ఇష్టప్రకారం వేరే పనికి మళ్లించే వీలు దానికి లేదు.

అంకెలు ఏ నిలువు వరుసలోంచి తీస్తున్నారో కూడా చూసుకోవాలి. బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ లెక్క మూడూ పక్కపక్కనే ఉంటాయి. అంచనా ఆశ మాత్రమే. మూడు స్థాయిలకూ ఒకే ఏడాది వాస్తవ లెక్కలే తీసుకోండి. రాష్ట్రానికి కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) ఏటా ఇచ్చే ఫైనాన్స్ అకౌంట్సే ఆధారం.

ఇక పంచాయతీ. 2021-26కు 15వ ఆర్థిక సంఘం పెట్టిన నిబంధనల ప్రకారం గ్రాంటులో 60 శాతం టైడ్, అంటే చెప్పిన పనికే వాడాలి: అందులో సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి. మిగతా 40 శాతం అన్‌టైడ్, స్థానిక అవసరానికి వాడొచ్చు గానీ జీతాలకు, కార్యాలయ నిర్వహణకు కుదరదు. కేంద్రం నుంచి వచ్చాక రాష్ట్రం 10 పనిదినాల్లో కిందికి పంపాలి, ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలి. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే గ్రాంటే ఆగిపోతుంది. పంచాయతీ ఎన్నికలు వాయిదా పడ్డ ఊళ్లలో సీసీ రోడ్డు సగంలో నిలిచిందంటే ముందు ఈ కారణం చూడాలి.

మీ పంచాయతీ జమాఖర్చులు ఈగ్రామస్వరాజ్ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే చూడొచ్చు. రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ, ఏడాది ఎంచుకోండి. జమల్లో ఆర్థిక సంఘం గ్రాంటు, ఇంటి పన్ను లాంటి సొంత ఆదాయం విడిగా రాసుకోండి. ఖర్చు వైపు వోచర్లు ఒక్కొక్కటీ చదవండి. గ్రాంటు జమైన వెంటనే పెద్ద మొత్తం కరెంటు బకాయిలకు పోయి ఉంటే, కాగితం మీద పంచాయతీ ఖర్చే అయినా నిర్ణయం ఎవరిదో అడగాల్సిందే.

పైన 198 కింద విడుదలైనదానికీ, కింద పంచాయతీలకు జమైనదానికీ పొంతన కుదరకపోవడం మామూలే. కారణాలు సాధారణంగా మూడు. మార్చి ఆఖరున విడుదలైన డబ్బు ఏప్రిల్‌లో జమవుతుంది. ట్రెజరీలోని పీడీ (పర్సనల్ డిపాజిట్) ఖాతాలో జమ చేసి రాష్ట్రం ఖర్చు రాసేసుకుంటుంది, ట్రెజరీలో బిల్లు మాత్రం పాస్ కాదు. లేదా ఉమ్మడి ఖర్చుల పేరిట పైనే కోత పడుతుంది. మొదటిదైతే పక్క ఏడాది చూస్తే తేలిపోతుంది. మిగతా రెంటికీ సమాచార హక్కు దరఖాస్తు వేయాలి. ఆంధ్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. "నిధుల వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే ఒక ముక్క పట్టిక ఇచ్చి పంపేస్తారు. ఏడాది పేర్కొని, గ్రాంటు విడుదల ఉత్తర్వు, క్యాష్‌బుక్ పేజీలు, ట్రెజరీలో పెండింగ్ బిల్లుల జాబితా నకళ్లు విడివిడిగా అడగండి.