ఐరన్ రిపోర్టులో ముందు ఏ అంకె చూడాలి?

రిపోర్టు చేతికి రాగానే అందరి చూపూ 'సీరమ్ ఐరన్' మీద పడుతుంది, పేరులోనే ఐరన్ ఉంది కాబట్టి. తంటా అంతా అక్కడే. అది ఆ పూట రక్తంలో తిరుగుతున్న ఇనుము మాత్రమే, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటుంది, ఐరన్ మాత్ర వేసుకుంటే కొన్ని గంటలపాటు పెరిగిపోతుంది కూడా. మా వదిన మాత్ర మింగిన రెండు గంటలకే రక్తం ఇచ్చొచ్చి, "బోలెడుంది, ఇంక మాత్రలెందుకు" అని మానేసింది. తర్వాత ఇనుము నిల్వ చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష చేయిస్తే 9, అంటే బాగా తక్కువ! అందుకే పొద్దున్నే పరగడుపున ఇవ్వండి, మాత్రలు వాడుతుంటే ముందురోజు ఆపాలా అని డాక్టర్‌ని అడగండి.

ముందు చూడాల్సిన అంకె ఫెర్రిటిన్, అంటే ఒంట్లో ఇనుము నిల్వ. హైదరాబాద్‌లో నల్లా వస్తోందా లేదా అన్నదానికన్నా సంపులో నీళ్లెన్ని ఉన్నాయన్నదే కదా మన టెన్షన్, ఇదీ అంతే. సంపు అడుగంటాక గానీ హిమోగ్లోబిన్ పడిపోదు, కాబట్టి సీబీపీలో (మామూలు రక్తకణాల పరీక్షలో) హిమోగ్లోబిన్ 12 దాటింది కదా అని ఆడవాళ్లు నిశ్చింతగా ఉండడానికి లేదు. పెద్దవాళ్లలో ఫెర్రిటిన్ 15 లోపుంటే లోపమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, చాలామంది డాక్టర్లు 30 లోపున్నా లోపంగానే చూస్తారు.

ఇక్కడో మెలిక. జ్వరం, ఇన్ఫెక్షన్, కీళ్లవాతం లాంటివి ఉంటే నిల్వ లేకపోయినా ఫెర్రిటిన్ పెరిగి కనిపిస్తుంది. డెంగీ నుంచి లేచిన వారానికే చేయించి "90 ఉంది, బాగుంది" అనుకోవద్దు. అలాంటప్పుడు ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు లాంటివి ఉన్నాయేమో చెప్పే సీఆర్‌పీ కూడా చూస్తారు, అది ఎక్కువుంటే ఫెర్రిటిన్ అంకెను ఒక్కదాన్నే నమ్మరు. అప్పుడు పనికొచ్చేది ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్, అంటే రక్తంలో ఇనుము మోసే ప్రోటీన్ ఎంత శాతం నిండిందన్నది: సీరమ్ ఐరన్‌ని టీఐబీసీతో (రక్తం మొత్తం ఎంత ఇనుము మోయగలదో చెప్పే అంకెతో) భాగించి 100తో గుణించండి. ఐరన్ 40, టీఐబీసీ 450 అయితే దాదాపు 9 శాతం. 20 లోపుంటే తక్కువ, 45 దాటితే ఇనుము మరీ ఎక్కువైందేమో చూడాలి. లోపంలో టీఐబీసీ పెరుగుతుంది, ఆ బాణం గుర్తు చూసి కంగారుపడి ఫోన్లు చేసేవాళ్లే ఎక్కువ.

ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ 80 కన్నా తక్కువుండి ఫెర్రిటిన్ నిండుగా ఉంటే నెలల తరబడి ఐరన్ మింగకండి, తలసీమియా (తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్తజబ్బు) జన్యువు మోస్తున్నారేమో హిమోగ్లోబిన్ రకాలు చూసే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చెబుతుంది. పెళ్లి, పిల్లల ఆలోచన ఉన్నవాళ్లు దీన్ని అస్సలు వదిలేయొద్దు.

మాత్రలు మొదలుపెట్టాక నెలకోసారి హిమోగ్లోబిన్ చూడండి, అది సరైన అంకెకు వచ్చాక కూడా నిల్వ నిండడానికి ఇంకో మూడు నెలలు వాడమంటారు. ఇరానీ చాయ్ మాత్రకు గంట ముందూ వద్దు, గంట వెనకా వద్దు (కష్టమే, తెలుసు). మగవాళ్లలో, నెలసరి ఆగిన ఆడవాళ్లలో ఫెర్రిటిన్ పడిందంటే మాత్రం పాలకూర తినమని సరిపెట్టే డాక్టర్ దగ్గర ఆగొద్దు, కడుపులోనో పేగులోనో రక్తం పోతోందేమో పరీక్ష చేయమని అడగండి.