చెయ్యి ఎత్తని రోజుల్ని కూడా రాసి పెట్టండి

తిరుపతి కొర్లగుంటలో నాది టైలర్ షాపు. కొలతలు తీసేటప్పుడు ఆడవాళ్లు కష్టం చెప్పుకుంటారు. "కొట్టింది ఒక్కసారేక్కా, అదీ పెళ్లైన కొత్తల్లో" అంటారు. ఆ తర్వాత కొట్టాల్సిన పనిలేదు. "మళ్లీ కావాల్నా?" అంటే చాలు, ఇల్లంతా నోరు మూసుకుంటుంది. ఒకమ్మాయి చీరకు ఫాల్ కుట్టించుకుని, బిల్లు మీద టైమ్ కూడా వేయమంది. ఇంటికెళ్లగానే ఆయనకు చూపించాలంట.

ఇదీ హింసే. 2005 గృహ హింస చట్టం 3వ సెక్షన్‌లో మాటలతో, మనసుకు చేసే హింస, డబ్బు లాక్కోవడం కూడా ఉన్నాయి. కానీ గాయం లేనిదే ఎవరు నమ్ముతారని అందరికీ టెన్షన్. అందుకే రాసి పెట్టుకోమంటాను.

తేదీ, టైమ్ వేయండి. ఆయన అన్నది అన్నట్టే రాయండి. "బాగా తిట్టాడు" అంటే చదివేవాళ్లకు ఏం అర్థం కాదు. "యాడికి పోయినావే, బస్సు టికెట్ చూపీ. అబద్ధమైతే పిల్లోణ్ణి నీ కంటికి కనపడనీను" అని రాస్తే అర్థమవుతుంది. బూతులైనా సిగ్గుపడి వదిలేయొద్దు. ఎవరు విన్నారు, ఏటీఎం కార్డు ఎప్పుడు లాక్కున్నాడు, ఆ రాత్రి నిద్ర పట్టిందా, పిల్లోడు పక్క తడిపాడా, అన్నీ రాయండి. రుయా ఆసుపత్రిలో చూపించుకుంటే డాక్టర్‌కు అసలు కారణం చెప్పి, ఓపీ చీటీ దాచుకోండి.

ఈ రాత కోర్టు కోసమే కాదు. "నేనెప్పుడన్నాను? నీకే మతి లేదు" అని రోజూ వింటే మనిషికి తన జ్ఞాపకం మీదే నమ్మకం పోతుంది. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో కూడా ఇంకొకర్ని అడిగే స్థితికి వచ్చినవాళ్లను చూశాను. రాసుకున్నది చదువుకుంటే జరిగింది నిజమేనని తెలుస్తుంది.

పుస్తకం ఇంట్లో వద్దు. పుట్టింట్లోనో, నమ్మకమైన స్నేహితురాలి దగ్గరో పెట్టండి. మీ ఫోన్ ఆయన చూస్తుంటే అందులో అస్సలు వద్దు. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు కూడా వేరేవాళ్ల ఫోన్ నుంచే చేయండి.

ఇలాంటి ఆడవాళ్లకు సాయం చేసే ప్రభుత్వ సఖి కేంద్రంలోగానీ, గృహ హింస ఫిర్యాదులు తీసుకునే ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గరగానీ ఈ పుస్తకం చూపించి ఫిర్యాదు రాయించండి. అది మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్తుంది. ఇల్లు మీ పేరు మీద లేకపోయినా అందులో ఉండే హక్కు మీకుంది. మిమ్మల్ని హింసించొద్దని మేజిస్ట్రేట్ ఇచ్చే రక్షణ ఉత్తర్వును ఆయన మీరితే ఏడాది వరకు జైలుగానీ, 20,000 రూపాయల దాకా జరిమానాగానీ, రెండూగానీ పడొచ్చు. లాయర్ ఫీజు గురించి బెంగ వద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కు అడగండి. బతకాలనే అనిపించకపోతే 14416కు ఫోన్ చేసి మాట్లాడండి.

గొంతు మీద చెయ్యి పడినా, చంపుతానన్నా ఇక రాస్తూ కూర్చోవద్దు, వెంటనే 112. వెళ్లిపోతానని ఆయనకు ముందే చెప్పొద్దు. వదిలి వెళ్లే సమయంలోనే ప్రాణాపాయం ఎక్కువ. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు ముందే బయట పెట్టుకోండి.

అమ్మలకు, అక్కలకు ఒక మాట. "కొట్టాడా?" అని అడిగి, లేదంటే సర్దుకోమనొద్దు. "ఆయన ఇంటికొచ్చే టైమైతే నీకెట్లుంటుంది?" అని అడిగి, పూర్తిగా చెప్పనివ్వండి. పుస్తకం ఇస్తే దాచండి. ఆవేశపడి అల్లుడికి ఫోన్ చేసి నిలదీయొద్దు, ఆ కోపం రాత్రికి అమ్మాయి మీదే పడుతుంది.