పెద్ద పండుగకు సరిహద్దు దాటేవారు పోలీసు తనిఖీల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

సంక్రాంతి దగ్గర పడుతున్నకొద్దీ పర్లాకిమిడి నుంచి పాతపట్నం వైపు, బరంపురం నుంచి గిరిసోల మీదుగా ఇచ్ఛాపురం వైపు, రాయగడ నుంచి పార్వతీపురం వైపు, కోరాపుట్, జయపురాల నుంచి సుంకి ఘాటు దిగి సాలూరు వైపు, అంటే ఒడిశా నుంచి ఆంధ్రాకు, ఒడిశాలో ఉండే మన తెలుగువాళ్ల బండ్లు ఎక్కువవుతాయి. వాటితోపాటు తనిఖీలూ పెరుగుతాయి. మల్కన్‌గిరి, కోరాపుట్ కొండల గంజాయి ఈ దారుల్లోనే బయటికి పోతున్నది కనుక తనిఖీలన్నీ వేధింపులేనని అనడానికి వీలు లేదు. అయితే తప్పేమిటో చెప్పకుండా, నంబరు పొరుగు రాష్ట్రానిదనో, చూడగానే అనుమానం కలిగిందనో ఆపి, చివరకు చేతిలో ఎంతో కొంత పెట్టి వెళ్లమనే సందర్భాలు కూడా సరిహద్దు వాసులకు కొత్త కావు. అలాంటి చోట రోడ్డు మీద చట్టం గురించి వాదించి గెలిచినవారు తక్కువ. అడిగిన ప్రతిదానికీ ఒక కాగితం పుట్టేలా చూసుకోవడమే మనకు మిగిలే రక్షణ. దానికి ఇంటి దగ్గరే సిద్ధం కావాలి.

లైసెన్సు, ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం ఈ నాలుగింటి గడువులనూ బయలుదేరడానికి వారం ముందే చూసుకోవాలి. వీటిలో ఎక్కువ మంది మరచిపోయేది చివరిది. బీఎస్-4, బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండ్లకు అది ఏడాది పాటు, అంతకంటే పాత బండ్లకు ఆరు నెలలే చెల్లుతుంది. అది లేకపోతే జరిమానా 10,000 రూపాయల దాకా వెళ్లవచ్చు కనుక, బేరానికి దిగాలనుకొనేవారు మొదట అడిగేది కూడా దాన్నే. పత్రాలను ప్రభుత్వ యాప్‌లైన డిజీలాకర్‌లో గాని, ఎంపరివాహన్‌లో గాని ఉంచుకుంటే కేంద్ర మోటారు వాహన నియమాల్లోని 139వ నియమం ప్రకారం అవి అసలు పత్రాలతో సమానంగా చెల్లుతాయి. వాట్సాప్‌లో దాచుకున్న ఫొటోకు ఆ విలువ లేదు. ఘాటు దారుల్లో సిగ్నలు అందదు కాబట్టి ఒక కాగితపు ప్రతి కూడా బండిలో ఉంచడం మంచిది. వెనుక కూర్చునేవారికి సైతం హెల్మెట్ తప్పనిసరి. నాలుగేళ్లు దాటిన పిల్లలకూ ఈ నిబంధన వర్తిస్తుందని చాలామందికి తెలియదు.

ఇక నంబరు ప్లేటు సంగతి. శ్రీకాకుళంలో కొన్న బండిని పర్లాకిమిడిలోని అల్లుడు నడుపుతుండడం మన ఇళ్లలో మామూలే. ఒక రాష్ట్రంలో జరిగిన రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతుందని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 46వ సెక్షన్ చెబుతుంది. బండిని వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితేనే 47వ సెక్షన్ ప్రకారం అక్కడి నంబరు తీసుకోవలసి వస్తుంది. అందువల్ల పండుగకు వచ్చి పోయేవారిని నంబరు ఆంధ్రాది అన్న ఒక్క కారణంతో జరిమానా అడగడం చెల్లదు. బండి ఎప్పుడు వచ్చిందో చూపడానికి ఫాస్టాగ్ సందేశాలు, పెట్రోలు రసీదులు దాచుకోవాలి. నిజంగానే ఏళ్ల తరబడి ఇక్కడ ఉన్న బండి అయితే మాత్రం ఆ అభ్యంతరం న్యాయమైనదే కనుక, ముందుగా నిరభ్యంతర పత్రం తెప్పించుకొని నంబరు మార్పించుకోవడం తప్ప వేరే దారి లేదు.

ఆపమని చెయ్యి చూపినప్పుడు వేగం పెంచి వెళ్లిపోవడం అన్నిటికంటే ప్రమాదం. అంతవరకు ఏ తప్పూ లేని బండి కూడా ఆ క్షణంలో అనుమానితుల జాబితాలో చేరుతుంది. పక్కకు తీసి, ఇంజను ఆపి, రాత్రివేళ అయితే లోపలి దీపం వేసి, చేతులు కనబడేలా ఉంచాలి. సార్ అన్నా, ఒడియాలో ఆగ్యా అన్నా మర్యాద మర్యాదే. మాటల్లో తెలుగు యాస వినబడినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు. లైసెన్సు అడిగే అధికారం 130వ సెక్షన్ కింద యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఉంది. మామూలు దుస్తుల్లో ఉన్నవారు అడిగితే గుర్తింపు కార్డు చూపమని నెమ్మదిగా కోరవచ్చు. పేరు పట్టీ, ఠాణా పేరు, పోలీసు జీపు నంబరు, సమయం మనసులో పెట్టుకొని వీలు దొరకగానే రాసుకోవాలి. తాళం లాక్కునే అధికారం మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా రాసి లేదు. అయినా లాక్కుంటే చేయి అడ్డుపెట్టకూడదు, ఎందుకంటే తోపులాటగా మారితే భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్ కింద విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగిపై దౌర్జన్యం చేశారన్న కేసు మీ మెడకే చుట్టుకుంటుంది.

తప్పు ఉందని చెబితే ఏ సెక్షన్ కిందనో అడిగి, ఈ-చలానా ఇవ్వమని కోరాలి. చలానా డబ్బు ప్రభుత్వ ఖాతాకు వెళుతుంది. పక్కనున్న పాన్ డబ్బా స్కానరుకో, ఎవరిదో ఫోన్ నంబరుకో పంపమంటే అది చలానా కాదు. అక్కడికక్కడే కట్టి తీరాలన్న నిర్బంధం కూడా లేదు. తరువాత పరివాహన్ వెబ్‌సైటులో కట్టవచ్చు, ఒప్పుకోకపోతే కోర్టులో చెప్పుకోవచ్చు. లైసెన్సును స్వాధీనం చేసుకుంటే మోటారు వాహనాల చట్టం 206వ సెక్షన్ ప్రకారం దానికి రసీదు ఇవ్వాలి, అసలు తిరిగి వచ్చేవరకు గాని, రసీదులో ఏదైనా తేదీ రాస్తే ఆ తేదీ వరకు గాని, ఏది ముందైతే అప్పటిదాకా ఆ రసీదు మీదే బండి నడుపుకోవచ్చు. రసీదు ఇవ్వకుండా జేబులో పెట్టుకుంటే అది బేరానికి నాంది అని గ్రహించాలి. ఇంట్లో పిల్లలు ఎదురుచూస్తున్నారని, రెండు వందలు పోతే పోయాయని అనిపించే ఘడియ ఇదే.

మద్యం పరీక్షకు ఊదమంటే నిరాకరించకూడదు, అంకె చూపమని మాత్రం అడగాలి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితేనే నేరం. ఆ కారణంగా అరెస్టు చేస్తే రెండు గంటల్లో వైద్య పరీక్ష జరిపించాలి, లేకుంటే విడిచిపెట్టాలి.

గంజాయి పేరుతో సోదా చేస్తామన్నప్పుడు ఎక్కువ జాగ్రత్త అవసరం. ముందస్తు జాగ్రత్త ఏమిటంటే, తెలియనివారిని ఎక్కించుకోకూడదు, ఎంత దగ్గరివారు ఇచ్చినా మూట విప్పి చూడకుండా సామాను తీసుకోకూడదు. అరిసెల డబ్బా అని చెప్పినా సరే. ఒంటి సోదాకు ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు సమక్షంలో సోదా కోరే హక్కు మాదకద్రవ్యాల చట్టం 50వ సెక్షన్ కింద ఉంది. సంచులకు, డిక్కీకి ఆ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. స్త్రీలను స్త్రీలే సోదా చేయాలి. డిక్కీ మీరే తెరవండి, సామాను మీ కళ్లముందే తీయించండి. సోదాను, జప్తును వీడియో తీయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ పోలీసులనే ఆదేశిస్తున్నది కాబట్టి, వీడియో తీయండి సార్ అని అడగడం ధిక్కారం కాదు. ఒడిశా పోలీసులు జప్తు జాబితాను ఒడియాలో రాయవచ్చు. చదవడం రాకపోతే చదివి వినిపించమని కోరాలి, వినిపించకుండా సంతకం అడిగితే ఆ మాటనే తెలుగులో రాసి దాని కింద సంతకం చేయాలి. ఖాళీ కాగితం మీద ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు.

ఠాణాకు రమ్మంటే మొదట అడగవలసింది ఒక్కటే: ఇది అరెస్టా, కాదా? అరెస్టు అయితే కారణం చెప్పాలి, మెమో రాయాలి, మీరు చెప్పిన బంధువుకు కబురు చేయాలి, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు స్త్రీలను అరెస్టు చేయకూడదు. పోలీసులు నమోదు చేసుకొనే వాంగ్మూలంపై సంతకం అక్కరలేదు. బయలుదేరేటప్పుడే ఇంట్లో ఒకరికి దారి, బండి నంబరు చెప్పి ఉంచడం, 112తోపాటు ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరును కాగితం మీద రాసి పెట్టుకోవడం ఇలాంటి వేళకే. ఫోన్ వారి చేతిలోకి వెళ్లాక అందులోని నంబర్లు మీకు పనికిరావు.

అన్యాయం జరిగిందనిపిస్తే ఫిర్యాదు ఆ ప్రాంతపు ఎస్పీకి వెళ్లాలి. గంజాం జిల్లాలో ఈ విషయమై పొరపాటు పడేవారు ఎక్కువ. బరంపురానికి వేరుగా పోలీసు జిల్లా ఉంది, ఛత్రపురంలో ఉండేది గంజాం ఎస్పీ. తేదీ, గంట, చోటు, బండి నంబరు, అడిగిన మొత్తం, అన్న మాటలు మాత్రమే రాయాలి, కోపం రాయకూడదు. ఒడియాలో రాసిచ్చేవారు దొరికితే పని త్వరగా కదులుతుంది. లంచం ఇవ్వక తప్పనివారికి ఇంకొక గడువు ఉంది. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం లంచం ఇవ్వడమూ నేరమే గాని, బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజుల్లోగా ఆ సంగతి పోలీసులకు గాని, దర్యాప్తు సంస్థకు గాని తెలియజేస్తే ఆ నేరం వారికి అంటదు. ఒడిశాలో ఆ పని చూసేది విజిలెన్సు శాఖ, దాని ఉచిత ఫోన్ నంబరు 1064. కనుమ మర్నాడు చూద్దాంలే అనుకుంటే భోగికి ముందు ఇచ్చిన డబ్బుకు ఆ గడువు చాలా భాగం గడిచిపోతుంది.