చిన్నపిల్లల ఊహకు పని చెప్పడం ఎలా?

వేసవిలో విజయవాడ నుంచి గుంటూరు వెళ్తూ రోడ్డు పక్కన ఆగి ముంజలు తింటాం, కాయలు అక్కడే పారేసి వస్తాం. ఈసారి రెండు కాయలు ఇంటికి తెచ్చుకోండి. మా చిన్నప్పుడు వాటిని పుల్లతో కలిపి, పంగకర్రతో నెట్టుకుంటూ వీధంతా తిరిగేవాళ్లం. అది బండి అని మనం అనుకోవాలి, అప్పుడే అది బండి. బటన్ నొక్కితే పాట పాడే కారులో పిల్లలు అనుకోవడానికి ఏమీ మిగలదు.

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ముందుగా ఒక అట్టపెట్టె కేటాయించండి. ఖాళీ అగ్గిపెట్టెలు, కొబ్బరి చిప్పలు, పాత పేపర్లు, గుడ్డ పీలికలు అందులో వేయండి. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే చింతగింజలు, గుండీలు, సీసా మూతలు వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. ఫ్లాట్‌లో చోటు లేదంటారా? పాత దుప్పటి పరవండి. దాని మీద ఎంత చిందరవందర చేసినా ఏమీ అనకండి. ఆట అయ్యాక నాలుగు కొసలూ పట్టుకుని మూట కట్టేస్తే సరి.

తర్వాత పిండి. రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, కొద్దికొద్దిగా కప్పు వరకు నీళ్లు పోసి చపాతీ పిండిలా కలపండి. పసుపు వేస్తే ఒక రంగు, బీట్‌రూట్ రసంతో ఇంకొకటి, వేడినీళ్లలో నానబెట్టిన శంఖుపూలతో నీలం. ఉప్పు ఎక్కువ కాబట్టి తిననివ్వకండి.

ఇక అసలు కష్టం మనకే. నోరు మూసుకుని కూర్చోవాలి. మా అమ్మాయి నీలం ఏనుగు చేస్తే "ఏనుగు నల్లగా కదే ఉంటుంది" అన్నాను. మర్నాటి నుంచి ఏ రంగు ముట్టుకోవాలన్నా ముందు నా మొహం చూసేది. అది పోవడానికి నెల పట్టింది. "ఏంటిది?" అని కూడా అడగకండి, పిల్లలకది పరీక్షలా ఉంటుంది. "సూపర్" అనేసి ఫోన్‌లోకి వెళ్లిపోవడమూ అంతే దండగ. "తోక ఇంత పొడుగెందుకు పెట్టావ్?" అని అడిగి చూడండి. నాకు దొరికిన జవాబు: "వానొస్తే గొడుగు పట్టుకోవడానికి."

బోర్ కొడుతోందని వస్తే వెంటనే ఏదో ఒకటి చూపించకండి. కాసేపు గునిసి, వాళ్లే పెట్టె దగ్గరికి పోతారు.

ఓ ఆదివారం కొండపల్లి తీసుకెళ్లండి, విజయవాడకి సుమారు 20 కిలోమీటర్లు. బొమ్మలు కొనడం తర్వాత, ముందు చేసేవాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. తేలికైన తెల్లపొణికి కర్రతో తల, చేతులు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, ఆరాక రంగులు వేస్తారు. షాపులో మెరిసే బొమ్మ కూడా మొదట మొద్దుగానే ఉంటుందని పిల్లలకి తెలుస్తుంది. మా ఇంట్లో ఆ రోజు నుంచి మైదా పిండి పేరు మక్కు.

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేవాళ్లు కింది మెట్టు పిల్లలకి వదిలేయండి. కిందటేడు మా కొలువులో దశావతారాల కింద ఎండబెట్టిన నీలం ఏనుగు, అగ్గిపెట్టెల లారీ నిలబడ్డాయి. పేరంటానికొచ్చినవాళ్లు ఆ ఏనుగు గురించే అడిగారు. చెప్పే పని కూడా మా అమ్మాయికే వదిలేశాం, గొడుగుతో సహా.