పాత కారు, ముందు చక్రం దగ్గర టకటక

విజయనగరంలో కొన్న పాత కారు గతుకు పడితే చాలు, ముందు ఎడమ వైపు టకటకమనేది. షాకర్లు పోయాయన్నారు అందరూ. నాకు నమ్మకం కుదరలేదు. బానెట్ మూలను గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి లేచి ఆగిపోయింది. షాకర్ పోతే ఊగుతూనే ఉంటుంది. ఆయిల్ కారిన తడి కూడా లేదు.

హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ఇటుకలు అడ్డుపెట్టి, ముందు భాగం లేపి స్టాండ్ల మీద నిలబెట్టాను. ఉత్త జాకీని నమ్మి కారు కిందికి చెయ్యి పెట్టకండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే వదులుగా ఆడిందా, బేరింగో, చక్రం అటూ ఇటూ తిరగనిచ్చే బాల్ జాయింటో పోయిందనుకోవాలి. పక్కలు పట్టుకుని ఊపితే ఆడిందా, ఎక్కువగా అది స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్. ఇవన్నీ బాగానే ఉన్నాయి. దొరికిన దొంగ స్టెబిలైజర్ లింక్ రాడ్, అంటే మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీని చక్రం వైపు కలిపే చిన్న రాడ్: రబ్బరు చిరిగి, చేత్తో కదిపితేనే టక్కుమంది. ముందు చక్రాలు రెండూ గాల్లో ఉంటేనే ఇది వదులుగా కదులుతుంది, ఒక్కటే లేపితే బిగుసుకుపోయి దొరకదు. రెండు వైపులా కొత్తవి వేశాను, చప్పుడు పోయింది.

ఎలాగూ చక్రాలు విప్పాను కాబట్టి బ్రేకులూ చూశాను. ప్యాడ్ 3 మి.మీ.కి అరిగితే మార్చేయాలి, నావి మందంగానే ఉన్నాయి. బ్రేక్ ఆయిల్ మాత్రం డికాక్షన్ రంగు. అది తేమ పీల్చుకున్నకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది, అరకు ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడే ప్రమాదం ఉంది. ఆ ఆయిల్ మార్పు, బ్రేకు గొట్టాల్లో చేరే గాలి తీయడం మెకానిక్‌కే అప్పజెప్పాను.