బీపీ ఉన్నవాళ్లు కిడ్నీలకు చేటు రాకుండా వ్యాయామం చేయడం ఎలా?

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల వడపోత గుత్తులుంటాయి. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే వాటి సన్నని రక్తనాళాలు గట్టిపడి, వడపోత మందగించి, మూత్రంలోకి ఆల్బుమిన్ అనే ప్రొటీన్ జారుతుంది. నొప్పి ఉండదు కాబట్టి తెలియదు. రోజూ నడిస్తే పై అంకె చాలామందిలో 5 నుంచి 8 దాకా తగ్గుతుంది. అలాగని మాత్రలు మానకూడదు.

మొదలుపెట్టే ముందు రెండు పరీక్షలు చేయించండి. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం చూసి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత వేగం) లెక్కిస్తారు, అది 60 పైన ఉండాలి. మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి 30 లోపు ఉండాలి. చాలామంది మొదటిదానితో సరిపెట్టుకుంటారు, కానీ ఆల్బుమిన్ జారడం తరచూ అంతకంటే ముందే బయటపడుతుంది. పరీక్షకు ముందురోజు బరువులు, పరుగు వద్దు. గట్టి వ్యాయామం తర్వాత రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ తాత్కాలికంగా పెరిగి, లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తాయి.

బీపీ నడకకు ముందే చూసుకోండి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి 5 నిమిషాలు కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు కొలవాలి. 180/110 దాటితే ఆ రోజు వ్యాయామం ఆపి డాక్టరుకు చెప్పండి. ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం తోడైతే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

వారానికి 150 నిమిషాల చురుకైన నడక లక్ష్యం. కొత్తవాళ్లు రోజుకు 10 నిమిషాలతో మొదలుపెట్టి వారానికి 5 చొప్పున పెంచుకోవచ్చు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదే సరైన వేగం. మెటోప్రొలాల్, అటెనొలాల్ అనే బీపీ మాత్రలు వాడేవాళ్లకు నాడి నెమ్మదిగానే ఉంటుంది కనుక వాచీలో అంకె చూసి వేగం పెంచొద్దు. చివరి 5 నిమిషాలు నెమ్మదిగా నడవండి. ఒక్కసారిగా ఆగితే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి, ప్రాజోసిన్ అనే బీపీ మాత్ర వాడేవాళ్లకు మరీను.

వారానికి రెండు రోజులు తేలికపాటి బరువులు 10 నుంచి 15 సార్లు ఎత్తండి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. బిగబడితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది.

కిడ్నీకి అసలు ముప్పు వ్యాయామంతో కాదు, దాని చుట్టూ చేసే పనులతో. మోకాళ్లు నొప్పెట్టగానే మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ కొని మింగుతారు. వడపోత గుత్తిలోకి రక్తం తెచ్చే నాళాన్ని అవి కుదిస్తాయి. టెల్మిసార్టాన్, లోసార్టాన్ అనే బీపీ మాత్రలు రక్తాన్ని బయటికి తీసుకుపోయే నాళాన్ని వదులు చేస్తాయి. హైడ్రోక్లోరోథయజైడ్ లాంటి నీటి మాత్ర, చెమట కలిసి ఒంట్లో నీరు తగ్గిస్తాయి. మూడూ కలిసినప్పుడు వడపోతకు కావలసిన ఒత్తిడే ఉండదు, కొద్ది రోజుల్లోనే కిడ్నీ దెబ్బతినొచ్చు. మీ బీపీ మాత్ర అట్ట మీద ఈ పేర్లు ఉన్నాయేమో ఇవాళే చూడండి. నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ మేలు. వాంతులు, విరేచనాలున్న రోజు వ్యాయామం మానేసి, ఆ బీపీ మాత్రలు తాత్కాలికంగా ఆపాలా అని డాక్టర్ని అడగండి.

ఎండాకాలంలో ఉదయం 7 లోపే ముగించండి. దాహానికి మంచినీళ్లు చాలు. విరేచనాలు లేనప్పుడు ఓఆర్‌ఎస్ తాగితే ఉప్పు అదనం. పార్కు గేటు దగ్గర అమ్మే కూరగాయల రసాలు, కొబ్బరి నీళ్లు కిడ్నీలు బాగున్నవాళ్లకు మితంగా ఫర్వాలేదు. ఈజీఎఫ్ఆర్ తగ్గి, టెల్మిసార్టాన్ లాంటివి వాడేవాళ్లలో మాత్రం వాటి పొటాషియం పేరుకుని గుండె లయ తప్పొచ్చు. వాళ్లు ప్రొటీన్ పొడి కూడా డాక్టర్ని అడగకుండా తీసుకోకూడదు.

జిమ్‌లో కొత్తగా చేరి మొదటి వారమే విపరీతంగా శ్రమిస్తే కండరాలు చితికి, వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ కిడ్నీలను దెబ్బతీయొచ్చు. కండరాలు వాచి తీవ్రంగా నొప్పెడుతూ, మూత్రం కోలా రంగులో వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లి సీపీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్), క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించండి.