జింకల సీజన్‌కు ముందు: రివాల్వర్‌కు లేజర్ గ్రిప్ ఉన్నవాళ్లకు

అమెరికాలో జింకల వేట సీజన్ దగ్గర పడుతోంది. లేజర్ గ్రిప్, అంటే గురి మీద వెలుగు చుక్క వేసే లేజర్ ఉన్న రివాల్వర్ పిడి, వాడే మనవాళ్లు ముందే ఇవి చూసుకోండి.

సిలిండర్ తెరిచి, గదులన్నీ ఖాళీ అని వేలితో తడిమి చూశాకే గ్రిప్ మార్చండి. లేజర్‌ను సరిచేసే స్క్రూ తిప్పేటప్పుడు చెయ్యి తెలియకుండానే గొట్టం ముందుకు వెళ్తుంది. ఒక్క తూటా మిగిలినా ప్రాణం మీదికొస్తుంది.

మీ రాష్ట్ర వేట నియమాలు చదవండి. జంతువు మీద లేజర్ వేయడం కొన్నిచోట్ల నేరం. ఆత్మరక్షణకు చెల్లింది వేటకు చెల్లకపోవచ్చు.

చుక్కనే నమ్మకండి. లేజర్ గొట్టానికి పక్కగా ఉంటుంది, సరిచేసిన దూరం మారితే గురి కూడా మారుతుంది.

ఎండలో ఎర్రచుక్క సరిగా కనిపించదు. గొట్టం మీద గురి చూసుకునే మామూలు సైట్‌తోనూ ప్రాక్టీస్ చేయండి.

చాపిన చూపుడువేలు కిరణానికి అడ్డొస్తుందేమో చూసుకోండి.

కాల్చాక లెన్స్ తుడవండి, సిలిండర్ సందులోంచి మసి చిమ్ముతుంది.